మడతలో పెన్ను

శుక్రవారంతో సమత కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఆమె పరీక్షిస్తున్న మూడు ట్యాబులూ ఈ రోజు కూడా బ్యాటరీ ఇలాగే తింటే, పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టలేనని ఆఫీసు నడిపే భూపాల్ సార్ నిన్న సాయంత్రమే చెప్పేశాడు. కోప్పడలేదు, మెల్లగా చెప్పాడు. అందుకే చేవెళ్ల నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆమె నిన్నటి అంకెలనే మళ్లీ మళ్లీ లెక్కేసుకుంది.

మొయినాబాద్ దాటాక చిల్కూరు దారిలో ఒక ఫామ్‌హౌస్‌ను కిరాయికి తీసుకుని పెట్టిన ఆఫీసు అది. ఊళ్లలో రిజిస్టర్లు రాసేవాళ్ల కోసం తయారవుతున్న, పుస్తకంలా మడిచే ట్యాబులను అక్కడ పరీక్షిస్తారు. తెర కింద కంటికి కనిపించని తీగల వల ఉంటుంది. వేలు ఎక్కడ తాకింది, పెన్ను ఎక్కడ ఆనింది అని అది సెకనుకు వందసార్లకు పైగా వెతుకుతూ ఉంటుంది. ఆ వెతుకులాటే బ్యాటరీని తినేస్తుంది. ట్యాబు మడవగానే వెతకడం తగ్గించి, పెన్ను దగ్గరికొస్తే మళ్లీ మొదలుపెట్టేలా సందీప్ ప్రోగ్రాం రాశాడు. దాన్ని పరీక్షించేది సమత, ఎస్తేర్. పొద్దున్నుంచీ వాటి మీద రాస్తారు. ఒంటిగంటకు వాటిని ముప్పావు వంతు మడిచి, వెలుతురు పడకుండా ఒక్కోదాన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి మూత వేస్తారు. రెండింటికి తీసి చూస్తే రెండు శాతానికి మించి తగ్గకూడదు.

ఎస్తేర్ ట్యాబులు రెండు శాతం తగ్గి ఆగేవి. సమతవి ఏడు, ఎనిమిది. మూడు వారాలుగా ఇదే వరస. ట్యాబుల్లోనే లోపముందేమోనని ఇద్దరివీ తారుమారు చేశారు. సమత చేతికి కొత్తగా వచ్చినవి కూడా ఎనిమిది తగ్గాయి. భోజనాల వేళ మూతలు తీసి ఆడుకుంటున్నావా అక్కా అని సందీప్ నవ్వుతూనే అడిగాడు. ముట్టుకోలేదని చెప్పింది. అది నిజమే. కాని నమ్మినట్టు ఒక్క మొహం కూడా కనబడలేదు.

ఇక్కడికి రాకముందు ఆమె తొమ్మిదేళ్లు ఊరి పాలకేంద్రంలో రిజిస్టరు రాసింది. పేరు, లీటర్లు, వెన్న శాతం. చీటీ కొట్టి ఇచ్చే మిషను వచ్చాక రిజిస్టరు అక్కర్లేకుండా పోయింది, దాంతోపాటు ఆమె కూడా. చేతిరాత వేగం చూసి ఇక్కడ తీసుకున్నారు.

ఆ పొద్దున సందీప్ ప్రోగ్రాంను పదకొండోసారి మార్చి ఎక్కించాడు. వెతకడం ఇంకా తగ్గించాడు. దాంతో ట్యాబు తెరిచి రాయగానే మొదటి గీత పడటం లేదు. ఇరవైసార్లలో నాలుగుసార్లు అట్లా పోయింది. సమత ఆ సంగతి రాసి ఇస్తే, ముందు బ్యాటరీ నిలవనీ, గీత సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. నాలుగింటికి ట్యాబులు తయారుచేసే కంపెనీవాళ్లతో వీడియో కాల్ ఉంది.

ఒంటిగంటకు సమత ట్యాబులు మూడింటినీ మడిచి పెట్టెల్లో ఉంచింది. మూతలు వేయబోతుంటే ఎస్తేర్ వచ్చి, తన పెన్ను కిందపడి ముక్కు విరిగిందని, ఒకటి ఇమ్మని అడిగింది. సమత వంగి, ముప్పావు మూసిన తెరల మధ్యనుంచి పెన్ను తీయబోయింది. మసక తెర మీద పెన్ను ముక్కు పక్కన చిన్న చుక్క ఉంది. పెన్నును లాగితే చుక్క కూడా వెంట కదిలింది. పెన్ను బయటికి రాగానే ఆరిపోయింది.

చుక్క ఉందంటే ట్యాబు పెన్నును చూస్తున్నట్టే. గంటసేపు మూత కింద అది పెన్నును చూస్తూనే ఉంటోంది. వెతకడం తగ్గించే సందే దానికి దొరకడం లేదు.

పాలకేంద్రంలో ఒక చేతిలో క్యాను, ఇంకో చేతిలో శాంపిలు గ్లాసు ఉండేవి. రాయడం అవగానే పెన్ను రిజిస్టరు నడుమ పెట్టి మూసేది. తొమ్మిదేళ్లు, రోజూ రెండు పూటలా. మడిచే వస్తువు ముందుకొస్తే చెయ్యి ఆ పనే చేసుకుపోయింది. ఎస్తేర్ మాత్రం పెన్నులు ట్రేలో వేస్తుంది. పెన్ను ఎక్కడ పెట్టాలో పరీక్ష కాగితంలో ఎక్కడా రాసి లేదు.

ఎస్తేర్‌కూ అర్థమైంది. తలుపు వైపు ఒకసారి చూసింది.

"తీసి ట్రేల వెయ్యి. ఊకో ఇగ. ఎవలడుగుతరు?"

సమత చేతిలో ఉన్న పెన్ను ఎస్తేర్‌కిచ్చి, మిగతా రెండూ తీసి ట్రేలో వేసి మూతలు పెట్టింది. అన్నం డబ్బా విప్పలేదు.

రెండింటికి చూస్తే మూడు ట్యాబులూ రెండు శాతమే తగ్గాయి. సందీప్ రెండు చేతులతో మొహం రుద్దుకుని, హమ్మయ్య అంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. పదకొండోదే పంపిద్దామన్నాడు భూపాల్. సాయంత్రం వచ్చి సంతకం చేసి పొమ్మని సమతతో అన్నాడు. మూడు వారాల్లో మొదటిసారి ఆమె వంక మామూలుగా చూశాడు.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి, ట్యాబు తెరిచి పన్నెండు అని అంకెల్లో రాసింది. ఒకటి పడలేదు, రెండు మాత్రమే పడింది. పన్నెండు లీటర్లు పోసినామె చీటీలో రెండే ఉంటే ఎవరితో చెప్పుకుంటుంది? మళ్లీ రాసింది. ఈసారి పడింది. గడియారం చూసింది. పావు తక్కువ నాలుగు.

భూపాల్, సందీప్ ఉన్న గదిలోకి వెళ్లి, "సార్, పదకొండోది పంపకుండ్రి," అంది.

భూపాల్ లాప్‌టాప్ మీదినుంచి తల ఎత్తలేదు.

"పెన్ను నేనే మడతల పెట్టి మూసిన. మూడు వారాల సంది. ఇయ్యాల తీసిన, అందుకే బ్యాటరీ నిలిచింది."

ముందు మాట్లాడింది సందీప్. "మూడు వారాలు నాతోని బాయి తవ్విపిచ్చినవ్ గదక్కా. నీళ్లేమో నీ బిందెలనే ఉన్నయా?"

"నాకు గూడ ఒంటిగంటకే ఎరుకైంది."

"ఒంటిగంటకు ఎరుకైతే ఇప్పుడు జెప్తవా?" అన్నాడు భూపాల్.

"భయమైంది సార్."

అతను ఇంకేమీ అడగకుండా కంపెనీకి మెయిల్ రాయడం మొదలుపెట్టాడు. టెస్టర్ నిర్లక్ష్యం వల్ల మూడు వారాల ఫలితాలు చెల్లవని రాస్తున్నాడు. సమత పక్కనుంచి చదివింది.

"నిర్లక్ష్యం గాదు సార్, అలవాటు. రిజిస్టరు రాసేటోళ్లు ఎవలైనా గట్లనే పెడ్తరు. అంగన్‌వాడీకి పోయి చూడుండ్రి. రేపు ఇది వాళ్ల చేతికి పోయినంక గూడ మడతల్నే పెడ్తరు. పగటి బువ్వ యాలకే బ్యాటరీ అయిపోతది."

మడిచి ఉన్నప్పుడు పెన్ను ఒక నిమిషం కదలకపోతే లేనట్టే అనుకోమని ప్రోగ్రాంలో రాస్తే సరిపోతుందేమోనని సందీప్ గోడవైపు చూస్తూ గొణిగాడు. అప్పుడు మొదటి గీతను చంపుకోవలసిన పని కూడా ఉండదు. భూపాల్ నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి అలవాటు అని రాశాడు.

కాల్‌లో కంపెనీ మేడం ఇది ఎవరు పట్టుకున్నారని అడిగింది. "చేసినామెనే పట్టుకున్నది," అన్నాడు భూపాల్.

అయిదు దాటాక పొడిగింపు కాగితం ముందు పెట్టాడు. ఏడాది ఉండాల్సిన గడిలో ఒక నెల అని ఉంది.

"మూడు గంటలు దాచినవ్. ఏడాది రాయలేను," అన్నాడు. "ఈ నెలల, రిజిస్టరు రాసిన చేతులు పది పట్కరా. ఎవలెవలు ఎట్ల పెడ్తరో చూద్దాం. దొరుకుతరా?"

సమత సంతకం పెట్టింది.

"నిర్మలమ్మ ఉన్నది సార్," అంది. "పాలకేంద్రంల నాకంటె ముందు పదేండ్లు రాసింది. నాకు రిజిస్టరు రాసుడు నేర్పింది ఆమెనే."