బొజ్జయ్య వెలిగించని దీపం

మా ఊరి బొజ్జయ్యకు గోదావరి మీద నమ్మకం తక్కువ, జనం మీద ఇంకా తక్కువ. తిట్టకుండా ఎవరినీ రేవు దాటించిన పాపాన పోలేదు. అయినా మా గట్టున అందరికీ అతనంటే ప్రాణం.

నది మధ్యలో మనుషులుండని చిన్న లంక ఉంది. పొద్దుగూకే ముందు అక్కడి టేకు గుంజకు లాంతరు కట్టి రావడం అతని పని. నీళ్ళు నెమ్మదిగా ఉంటేనే కట్టేవాడు. అవతలి గూడెంలో ఫోన్ సిగ్నల్ లేదు. దీపం కనబడితే పడవ వేయొచ్చని, లేకపోతే ఇల్లు కదలొద్దని వాళ్ళ లెక్క.

ఈ ఏడు వానలు మొదలవుతుండగా ఎవరో కాంట్రాక్టరు లంక మీద ఎత్తయిన సోలార్ స్తంభం నిలబెట్టాడు. చీకటి పడితే దానంతట అదే వెలుగుతుందట. ఊరంతా మురిసిపోయింది. ఆర్పే స్విచ్ ఏదని బొజ్జయ్య అడిగితే వాళ్ళు నవ్వారు. ఈ సంగతి అవతలి గట్టున చెప్పి వద్దామనుకునేలోగా గోదావరి పోటెత్తింది. లంక మునిగింది, స్తంభం మాత్రం నిలబడింది.

ఆ సాయంత్రం దీపం వెలిగింది. బొజ్జయ్య పరుగున గట్టుకొచ్చాడు. అతని చెల్లెలు కొండమ్మ అవతలే ఉంటుంది. ఆమె కూతురు భవానికి నెలలు నిండాయి. కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, దాన్ని ఆర్పమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇక్కడి నుంచి కుదరదు, వరద తగ్గాక చూద్దామన్నాడు ఆ మహానుభావుడు.

అంతలోనే అవతల పడవ కదిలింది. భవానిని కూర్చోబెట్టుకుని తెడ్డు వేస్తున్నది కొండమ్మే. బొజ్జయ్య తువ్వాలు ఊపాడు, గొంతు చించుకుని అరిచాడు. ఆ హోరులో పక్కనున్న మాకే వినబడలేదు. దూకబోతే నలుగురం పట్టుకున్నాం. నడిమధ్యలో పడవ గిర్రున తిరిగి బోర్లాపడింది. మేం చూస్తూ నిలబడ్డాం, అంతే.

కొట్టుకొస్తున్న చెట్టును పట్టుకుని భవాని దిగువ రేవుకు చేరింది. దవాఖానాలో కొడుకు పుట్టాడు. కొండమ్మ దొరకలేదు. వరద తీశాక కాంట్రాక్టరు మనుషులొచ్చి స్విచ్ బిగించారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

బిడ్డను చూడబోయిన బొజ్జయ్య దుఃఖం ఆపుకోలేక మేనకోడలి మీద విరుచుకుపడ్డాడు.

"గోదారి గంత జోరుగ ఉరుకుతుంటే పడవెట్ల ఎక్కిన్రే?"

భవాని తలవంచుకుంది.

"నొప్పులొస్తున్నా అమ్మ ఆగమన్నది మామా. దీపం కనబడంగనే లేపింది. మీ మామ రమ్మంటుండు, ఇగ భయంలేదన్నది."