చేంజరులో కొబ్బరినూనె

చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే చాలు, ఏ మిషనైనా మన మాట వింటుందని నేను నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవయ్యొకటో ఏడు. ఇంటరు రెండుసార్లు తప్పి, పోస్టులో పాఠాలు తెప్పించుకుని రేడియో మెకానిజం నేర్చుకుని (చివరి రెండు పాఠాలూ ఇప్పటికీ అందలేదు), కొత్తపేటలో మా బాబాయి నడిపే రిపేరు షాపులో చేరాను. ఊళ్ళో వాళ్ళు బాబాయిని మెకానిక్కుగారు అనేవారు. నన్ను మెకానిక్కుగారి తాలూకు కుర్రాడు అనేవారు. ఎప్పటికైనా నేనూ గారు అనిపించుకోవాలని నాకు మహా ఆత్రంగా ఉండేది.

మా షాపుకి నాలుగు వీధుల అవతల, చర్చి పక్కన, రిటైరైన సైన్సు మేష్టారు ఒకాయన ఉండేవారు. ఆయన భార్య కూడా చర్చివాళ్ళ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఊరందరికీ టీచరమ్మగారు. అప్పటికి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆవిడకి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మంచం మీద నుంచి లేవలేని మనిషికి పాటలంటే ప్రాణం. మామూలు రికార్డు ప్లేయరైతే పాట అయినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి ముల్లు ఎత్తాలి, ప్లేటు మార్చాలి. అందుకని మేష్టారు మద్రాసు నుంచి ఒక ఆటోమేటిక్ చేంజరు తెప్పించారు. మధ్యలో నిలబడ్డ ఊచకి ఆరు ప్లేట్లు గుచ్చి మీట నొక్కితే, ఒకటి అవగానే ముల్లున్న చెయ్యి దానంతటదే లేచి పక్కకి తప్పుకుంటుంది, పైనుంచి రెండోది దబ్బున పడుతుంది, చెయ్యి మళ్ళీ వచ్చి దాని అంచు మీద వాలుతుంది. ఆరూ అయ్యేసరికి రెండు గంటలు. మేష్టారు పొద్దున్నే ప్లేట్లు గుచ్చి, మీట నొక్కి, గొడుగు పుచ్చుకుని లైబ్రరీకి వెళ్ళిపోయేవారు. (ఆ మిషను ఆవిడ సుఖం కోసం కొన్నారా, ఆయన లైబ్రరీ కోసం కొన్నారా అని వీధిలో రెండు పార్టీలుండేవి.)

వానలు తగ్గి ఉక్కబోస్తున్న ఒక రోజున మేష్టారు షాపుకొచ్చారు. బాబాయి సామాన్ల కోసం రాజమండ్రి వెళ్ళాడు.

"మా చేంజరు చెయ్యి లేచి మధ్యలో ఆగిపోతోందయ్యా. ఒకవేళ వాలినా ప్లేటు మీద వాలదు, పక్కన రబ్బరు మీద వాలుతోంది. బాబాయిగారు ఎప్పుడొస్తారు?"

"ఎల్లుండొస్తారండి. ఈలోగా నేను చేసేస్తానండి."

"నువ్వా?"

"ఆయ్."

ఆయన నన్ను పరీక్ష పేపరు చూసినట్టు చూసి, సరే రమ్మన్నారు. ప్లేట్లు తిరిగే పళ్ళెం ఎత్తి చూస్తే లోపల ఎప్పటిదో గ్రీజు ఎండి జిగురై కూర్చుంది. పాపం, మీటలు కదలడానికి నానా అవస్థా పడుతున్నాయి. కిరసనాయిలు గుడ్డతో అంతా శుభ్రంగా తుడిచాను. తీరా ఆయిలు వేద్దామంటే నా డబ్బా ఖాళీ. మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషను మొరాయించినా, సైకిలు చైను మూలిగినా మందు ఒక్కటే. తలకి రాసుకునేంత శ్రేష్ఠమైన నూనె ఇనప ముక్కలకి పనికిరాదా అనుకుని, వంటమనిషిని అడిగి గిన్నెడు కొబ్బరినూనె తెచ్చి ప్రతి కీలుకీ ధారాళంగా పోశాను. తరవాత చెయ్యి వాలే చోటుని సరిచేసే చిన్న మరని అరచుట్టు తిప్పాను. ముల్లు వచ్చి సరిగ్గా ప్లేటు అంచు మీద వాలింది. ఆరు ప్లేట్లూ ఒక్క తప్పు లేకుండా ఆడాయి. టీచరమ్మగారు ఎడం చేత్తో నా తల నిమిరి, "బంగారం లాంటి చెయ్యి బాబూ నీది" అన్నారు. ఆ మాట నేను మూడు నెలలపాటు కనపడిన వాళ్ళందరికీ చెప్పాను.

క్రిస్మస్ వెళ్ళి కొత్త సంవత్సరం వచ్చింది. ఒక చలి పొద్దున ఆ పొగడ్త ఇంకోసారి విందామని ఏదో వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. మేష్టారు మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, రెండు వేళ్ళతో ముల్లు ఎత్తి ప్లేటు మారుస్తున్నారు. నా మొహం మాడిపోయింది.

"పనిచెయ్యట్లేదాండి?"

"పొద్దుటిపూట కొంచెం మొరాయిస్తోందిలే. పదకొండు దాటితే దార్లో పడిపోద్ది."

పళ్ళెం ఎత్తాను. లోపల మీటల చుట్టూ తెల్లగా వెన్నలా పేరుకుని ఉంది. ఆ పొద్దున మా ఇంట్లోనూ కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంటే మా అమ్మ ఎండలో పెట్టింది. నేను దాన్ని చూస్తూనే కాఫీ తాగి వచ్చాను. బాబాయికి తెలిస్తే షాపులోంచి తరిమేస్తాడని భయం వేసింది. అంతకన్నా ఎక్కువగా, లేవలేని మనిషికి ఉన్న ఒక్క కాలక్షేపాన్నీ పాడుచేశానే అని సిగ్గేసింది.

మేష్టారు నాకు కాఫీ చెప్పడానికి లోపలికి వెళ్ళారు. టీచరమ్మగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"ఎంతసేపు పడుతుంది బాబూ?"

"అరగంటండి. తప్పు నాదేనండి. ఇది తుడిచేసి మంచి ఆయిలు వేసేస్తానండి."

"అలా తొందరపడకు. ఇది మొరాయించిన కాడ్నించీ ఈయన పొద్దుటిపూట ఇంట్లో ఉంటున్నారు. ప్లేటు మార్చినప్పుడల్లా ఒక మాట మాట్లాడతారు. పెళ్ళై ముప్ఫై ఏళ్ళయింది, ఇన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు. ఈ చలి వెళ్ళేదాకా ఉండనియ్యి. ఆయనకి మాత్రం చెప్పకేం."

బాగుచెయ్యొద్దని బతిమాలిన వాళ్ళని అంతవరకు చూడలేదు (పోస్టులో వచ్చిన పాఠాల్లోనూ లేదు). పళ్ళెం మళ్ళీ పెట్టేసి, ఏదో పార్టు కావాలండి అని గొణిగి బయటపడ్డాను. మేష్టారు గేటు దాకా వచ్చారు.

"కొబ్బరినూనె వేసేవు కదూ?"

"అవునండి. ఇప్పుడే తుడిచేస్తానండి."

"ఆగవయ్యా. కోనసీమలో పుట్టినోణ్ణి, ఆ వాసన మొదటిరోజే తెలిసింది. పది నిమిషాలు ఎండలో పెడితే కరుగుద్దని కూడా తెలుసు. ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పేను."

"మరి ఎండలో పెట్టలేదాండి?"

ఆయన ఇంటి వైపు ఒకసారి చూశారు. "ఆవిడ దగ్గర ఊరికే కూర్చోవాలంటే నాకు మొహమాటమయ్యా. ఏం మాట్లాడాలో తెలీదు. ఇప్పుడైతే చేతిలో పని ఉంది, మాట అదే వస్తోంది. నేను కావాలనే ఉంటున్నానని తెలిస్తే 'నాకోసం లైబ్రరీ మానేస్తారా' అని ఆవిడే గొడుగిచ్చి తరిమేస్తుంది. చెప్పకేం."

ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే రహస్యాన్ని విడివిడిగా నా నెత్తిన పెట్టారు. ఆ వారంలో మేష్టారు లైబ్రరీలో పదిమంది ముందు "మీవాడి వల్ల కాలేదయ్యా" అని బాబాయితో అన్నారట. బాబాయి వచ్చి నన్ను దులిపేశాడు. చెప్పలేను, చెప్పకుండా ఉండలేను. తల దించుకుని అన్నీ పడ్డాను. చివరికి తనే పనిముట్ల సంచీ పట్టుకుని వెళ్ళాడు. గంట తరవాత తిరిగొచ్చి, సంచీ మూల పెట్టేశాడు.

"దానికి పార్టులు దొరకవురా" అన్నాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

టీచరమ్మగారు ఆ తరవాత ఇంకా రెండు చలికాలాలు ఉన్నారు. ఆ రెండింటిలోనూ బాబాయి గాని నేను గాని ఆ చేంజరు జోలికి వెళ్ళలేదు. చేతకాని మెకానిక్కునన్న పేరు ఊళ్ళో చాన్నాళ్ళు మోశాను. అప్పుడు ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడు ముద్దొస్తాడు.

మొన్నామధ్య మా ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మంచం ఎక్కి, టీవీ రిమోటు పనిచెయ్యడం లేదంది. విప్పి చూశాను. బ్యాటరీ దగ్గర కాస్త తుప్పు, గోటితో గీకితే పోయేదే. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, దీని పని అయిపోయిందని చెప్పి, టీవీ పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నాను. ఆవిడ చెప్పిన చానలు పెడుతూ మధ్యమధ్య ఒక మాట మాట్లాడుతున్నాను. నేనూ పెద్దగా మాట్లాడే మనిషిని కాదు కాబట్టి మొదటి రెండు రోజులూ ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. ఇప్పుడు రిమోటు సంగతి అడగడం మానేసింది.