పసుపు నీళ్ళు చల్లిన సీసాలు

త్రినాధరావు అంటే అనకాపల్లిలో ఎవరికీ తెలీదు, అరటిపిలకల త్రినాధం అంటే ఇట్టే చెబుతారు. బెల్లం వర్తకుల ఇంట పుట్టి, బెల్లం ముట్టకుండా చదువుకుని, ఇంటి వెనక రెండు గదుల్లో ల్యాబు పెట్టాడు. గాజు సీసాల్లో అరటిపిలకలు పెంచి రైతులకి అమ్ముతాడు. అరటి పొట్టకూటికి. ప్రాణమంతా లోపలి గదిలో, పై అరలో ఉన్న సర్పగంధి మీదే.

రక్తపోటుకి మందని వేర్ల బేరగాళ్ళు కొండలన్నీ కుళ్ళబొడిచేశారు. వేరునే పీకేస్తే ఇంక మొక్కెక్కడిది? ఎండనక వాననక రావికమతం అవతలి కొండల్లో తిరగ్గా తిరగ్గా ఒకే ఒక్క మొక్క త్రినాధరావు కంటపడింది. రెండు కొమ్మలు మాత్రం కోసుకొచ్చాడు. మళ్ళీ వెళ్ళేసరికి అక్కడ గొయ్యి ఉంది, మొక్క లేదు. ఆ గొయ్యి పక్కనే చతికిలబడి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. తిడితే మొలుస్తుందా, పిచ్చి మారాజు!

తెచ్చిన కొమ్మల కణుపులు కోసి, సీసాల్లో, మొక్కకి తిండి కలిపిన జెల్లీ మీద నాటాడు. కొన్ని కుళ్ళాయి, కొన్ని మాడాయి. మిగిలినవి చిగుళ్ళు వేస్తే కంటికి రెప్పలా కాచాడు. వేళ్ళూనితే కుండీల్లోకి మార్చాలి, ముదిరాక మళ్ళీ ఆ కొండ మీదే నాటాలి. అదీ అతని ఆశ. చెప్పులు విప్పి, స్పిరిటుతో చేతులు తుడుచుకుంటేగాని కన్నతల్లిని కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు.

"నీ మడి ముందు మా అత్త మడి ఏపాటిరా!" అని తల్లి దేముడమ్మ నవ్వేది.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మండీలో కాటాకి కూడా బొట్టు పెట్టే ఊరాయె. "కొబ్బరికాయ గుమ్మం బయటే కొట్టమ్మా, సీసాల జోలికి వెళ్ళకు" అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పి, పిలకలు దించడానికి ఎలమంచిలి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి తల్లి ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు సెప్పినట్టే కాయ బయటే కొట్టేన్రా. సేతులు తుడుసుకునే లోపలికెళ్ళేను. మూతలు తీసి, మావిడాకుతో అన్నింటి మీదా పసుపునీళ్ళు సల్లేను. పసుపు తగిల్తే పురుగూ పుట్రా సావదేటి! నీ సర్పగంధికైతే అచ్చింతలు కూడా ఏసేను, నూరేళ్ళు బతకాలని."

త్రినాధరావు అరవబోయాడు. ఉపవాసంతో వాడిన ఆ ముఖం చూశాక ఆ కేక మింగేసి లోపలి గదిలోకి పరిగెత్తాడు.

జెల్లీలో పంచదార ఉంటుంది. మూత తీసి నీళ్ళు చల్లితే లోపలికి చేరే బూజుకి అది పెళ్ళిభోజనం. వారం తిరక్కుండానే సీసాల్లో దూది పరిచినట్టయింది. మొక్కల్ని తీసి మందునీళ్ళలో కడిగాడు, కొత్త సీసాల్లోకి మార్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మందు ఘాటుకి కొన్ని చచ్చాయి, మిగతావాటిని మళ్ళీ బూజే తినేసింది. అరటిదేముంది, ఏ తోటలోనైనా పిలక దొరుకుతుంది. సర్పగంధి కోసం కొండంతా మళ్ళీ గాలించాడు. గోతులే కనిపించాయి. దారిలో బండి ఆపుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"మొక్కలకి ఏటైందిరా నాయనా?" అనడిగింది దేముడమ్మ, ఖాళీ అర చూసి.

"ఉక్కకి తట్టుకోలేదమ్మా."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "దిగులెట్టుకోకు. వచ్చే దసరాకి సీసాకో కాయ కొడతాను."

"అలాగేనమ్మా" అన్నాడు త్రినాధరావు. అక్షింతలు అంటుకున్న సీసా తీసుకుని కడగడానికి పెరట్లోకి వెళ్ళాడు.