మా సార్ వేయించిన పందిరి

సార్ పోయారన్న కబురు మా బడిలో పొద్దుటి ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. "మన సార్ ఇక లేరు" అన్నాడు ఫోన్లో, శిక్షణలో నాతో చదివిన స్నేహితుడు. ఉపాధ్యాయ శిక్షణలో మాకు చాలామంది సార్లు పాఠాలు చెప్పారు గానీ "మన సార్" అంటే ఆయనొక్కరే. తరగతిని తోటి టీచరుకు అప్పగించి సార్ ఊరు టేకులపల్లికి బస్సెక్కాను.

జట్టుగా పనిచేయడం అనేది మా పుస్తకంలో ఒక పాఠం. దాన్ని బోర్డు మీద రాసి, పరీక్షలో రాయించుకుంటే సరిపోయేది. మా సార్ మాత్రం పుస్తకం మూసి, మమ్మల్ని ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న గూడేనికి తీసుకెళ్లారు. అక్కడి బడిపిల్లలు మధ్యాహ్నం ఎండలో కూర్చుని అన్నం తింటున్నారు. వాళ్లకు నీడ వేయడమే ఆనాటి పాఠం. గుంజలు, వాసాలు, తాటాకులు గూడెంవాళ్లే ఇచ్చారు. సార్ షరతు ఒక్కటే పెట్టారు.

"పందిరెయ్య వచ్చినోళ్లు చేతులు ఎనక్కి పెట్టుకోవాలె. నోటితోని చెప్పాలె. రానోళ్లే ఎయ్యాలె."

నేను పినపాక దగ్గరి గూడెం పిల్లను. పందిరి వేయడం నాకు అన్నం వండినంత తేలిక. మాట్లాడటమే కష్టం. ఇంట్లో మాది కోయభాష. తరగతిలో లేచి తెలుగులో పాఠం చెప్పమంటే గొంతు పెగిలేది కాదు. టీచరు పని నా వల్ల కాదనుకుని, ఆ వారమే శిక్షణ మానేసి ఇంటికి పోదామని పెట్టె కూడా సర్దుకున్నాను. ఆ సంగతి సార్‌కు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన తన భుజం మీది తువ్వాల తీసి నా చేతికిచ్చారు. "ఎనక్కి పట్టుకో బిడ్డా. లేకుంటే నీ చేతులు ఆగవు."

ఇందాక ఫోన్ చేసిన స్నేహితుడిది సత్తుపల్లి వైపు. ఆరోజు గడ్డపార అతని చేతికొచ్చింది. "ఎంత లోతు తవ్వాలో చెప్పు తల్లీ, చేతులు బొబ్బలెక్కుతున్నాయి!" అన్నాడు. నేను గొణిగాను, అతనికి వినబడలేదు. తోచినంత తవ్వి గుంజలు పాతాడు. వాసం ఎత్తగానే అంతా కుప్పకూలింది. నాకు ఒళ్లు మండింది.

"గట్ల కాదు! మోకాలి లోతు తవ్వు! గుంజ చుట్టూ రాళ్లు కొట్టినంకనే మట్టి పొయ్యి!"

నా అరుపుకు గూడెం కుక్కలు కూడా ఇటు తిరిగాయి. సార్ హాయిగా నవ్వారు. "అవ్, గిదే గొంతు. రేపు గీ గొంతుతోనే పాఠం చెప్పు."

ఈసారి పందిరి నిలబడింది గానీ కొంచెం ఒరిగింది. సరిచేయబోతే సార్ ఆపారు. "ఒరగనియ్యి బిడ్డా. నువ్వొక్కదానివే ఏస్తే నిటారుగ ఉంటుండె. గప్పుడది నీ పందిరి. ఇది అందరిది."

సార్ పిల్లలతో పాటు దాని కిందే కూర్చుని అన్నం తిన్నారు. ఏ పని చేయించినా చివర్లో ఒక మాట అడగడం ఆయన అలవాటు. "ఎవరి మీద కోపమొచ్చింది? ఎందుకొచ్చింది?" సత్తుపల్లి అబ్బాయి నన్ను చూపించాడు. "చెప్పటం తెలిసి కూడా చెప్పలేదు సార్!" నాతో సహా అందరం నవ్వాం. హాస్టలుకు వెళ్లాక పెట్టెలోని బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసుకున్నాను. ఇప్పుడు నా తరగతి పిల్లల్నీ సార్ అడిగిన ఆ ప్రశ్నే అడుగుతుంటాను.

టేకులపల్లిలో సార్‌ను ఇంటి వాకిట్లో పడుకోబెట్టారు. పెళ్లిళ్ల రోజులు, ఎక్కడా శామియానా దొరకలేదు. ఎండ ఆయన ముఖం మీద పడుతోంది. ఎవరో గుంజలు, తాటాకులు తెచ్చి దించారు. పందిరి వేయడం వచ్చిన పాత విద్యార్థులందరం పక్కకు జరిగి చేతులు వెనక్కి పెట్టుకున్నాం. "ఇప్పుడు నాకూ వచ్చుగా" అంటూ సత్తుపల్లి స్నేహితుడూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఈ ఏడే శిక్షణలో చేరినవాళ్లు గడ్డపారలు అందుకుని మా వైపు చూశారు.

కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. నా గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడింది. "మోకాలి లోతు తవ్వుండ్రి. రాళ్లు గట్టిగ కొట్టుండ్రి."

పందిరి లేచింది. వీధి వైపు కొంచెం ఒరిగింది. ఎవరమూ సరిచేయలేదు. దాని నీడ మెల్లగా సార్ ముఖం మీదికి వచ్చింది.