వేళ్లు తిరిగొచ్చేలోగా

మా దుకాణంలో చాయ్ ఈమధ్య చల్లగా వస్తోంది. చాయ్ తెచ్చే పెద్దాయన మారలేదు, ఆయన కెటిల్ మారలేదు, మా వీధి పొడవు పెరిగిన దాఖలాలు కూడా లేవు. అయినా నా చేతికి వచ్చేసరికి గ్లాసు మీద మీగడ కట్టి ఉంటోంది. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"వేడిగనే తెస్తాన సేటూ. ముందు గద్దె మీదోళ్లకు ఇయ్యాలె గదా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

గద్దె అంటే చీరల దుకాణంలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు. దాని మీద కూర్చున్నవాళ్లు చీరలు విప్పి చూపిస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏదీ బాగాలేదంటారు. గల్లాపెట్టె పక్కనున్న మూల మా నాన్నది, ఆయన తర్వాత నాది. చాయ్ మొదట ఆ మూలకే వెళ్తుంది. అది పాత పద్ధతి. నేను అక్కడ కూర్చున్నన్నాళ్లు అందులో నాకు ఏ లోపమూ కనబడలేదు. ఇప్పుడు అక్కడ నా భార్య కూర్చుంటోంది. నేను గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, చెప్పులకు కాపలా పెట్టినట్టు.

ఆమె రావడానికి కారణం నా కుడిచెయ్యి. నాకు మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉంది. నరాల మీది పొరను ఒళ్లు తనే కొరుక్కునే జబ్బు. తొడుగు ఊడిన కరెంటు తీగలాగా, మెదడు పంపిన మాట కంటికో కాలికో చేతికో సరిగ్గా అందదు. దీనికి తెలుగులో పేరు లేదు కాబట్టి మా బంధువులు 'నరాల వీక్‌నెస్' అని సర్దుకుని బాదంపప్పులు పంపిస్తుంటారు. కొన్నాళ్లు నెమ్మదిగా ఉంటుంది, ఉన్నట్టుండి తిరగబెడుతుంది. దాన్ని డాక్టర్లు రిలాప్స్ అంటారు. రెండేళ్ల కింద కంటికి వచ్చింది. ఈసారి వేళ్లకు.

ఒక పొద్దున లేచేసరికి కుడిచేతికి ఎవరో గ్లౌజు తొడిగిపోయినట్టు ఉంది. గ్లాసు పట్టుకుంటే, పట్టుకున్నానని కళ్లు చెప్పాలి తప్ప వేళ్లు చెప్పవు. సిమెంటు వ్యాపారమైతే ఇబ్బంది ఉండేది కాదు. చీరలవాడు వేళ్లతో చూస్తాడు. అంచు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి రుద్దితే, అది అసలు పట్టా, వేరే దారం కలిపిందా అన్నది తేలిపోవాలి. మా నాన్న కిందికి చూడకుండా, వచ్చినవాళ్లతో వాళ్ల ఊరి వానల గురించి మాట్లాడుతూనే తేల్చేసేవాడు. నేనూ అంతే, వానలకు బదులు క్రికెట్.

'నాలుగు రోజులు తోడు కూర్చుంటా' అని నా భార్య వచ్చింది. నేను గద్దె మీదే ఉన్నాను అప్పటికి. హసన్‌పర్తి అవతలి ఊరి నుంచి ముసలమ్మ ఒకామె వచ్చింది. మా నాన్న కాలం నుంచి మాకు పాత గిరాకీ, మనవరాలి పెళ్లి పెట్టుకుంది. ఒక మెరూన్ చీర ఆమె కంటికి ఆనింది. నేను అంచు పట్టుకుని రుద్దాను. ఏమీ తెలియలేదు. ముఖం మాత్రం అన్నీ తెలిసినట్టు పెట్టి మళ్లీ రుద్దాను.

"ఏంది కొడుకా, గంతసేపు పిసుకుతానవ్? పిండితె నీళ్లొస్తయా?"

"అసలు పట్టే పెద్దమ్మా" అన్నాను.

నా భార్య అటు ఎవరితోనో ఫోన్లో ఉంది. ఫోన్ దించకుండానే చెయ్యి చాచి అంచును రెండు వేళ్లతో తాకింది. "కాదు పెద్దమ్మా, ఇది కలిపింది. నచ్చితే తీస్కో, గని అసలు పట్టనుకోని తీస్కోకు" అంది. మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయింది.

ఇక ఈ గిరాకీ పోయినట్టే అనుకున్నాను. ముసలమ్మ ఆమె వైపు కాసేపు చూసింది. తర్వాత మోకాళ్లు రెండూ చేతులతో ఎత్తి పెట్టుకుని, మొత్తం మనిషి అటు తిరిగి కూర్చుంది. "నువ్వు జూపియ్యి బిడ్డా. కొడుకు చెయ్యి ఇయ్యాల బందు బెట్టినట్టున్నది." పెళ్లికి కావలసినవన్నీ ఆమె దగ్గరే తీసుకుని, పోతూ పోతూ నా వైపు జాలిగా ఒక చూపు చూసింది.

నా భార్య పుట్టిల్లు కాశిబుగ్గ. వాళ్ల నాన్న నేతవాళ్లకు నూలు అమ్మేవాడు. నడక రాకముందే కండెల మధ్య పాకిందట. ఈ సంగతి పెళ్లిచూపుల నాడే నాకు చెప్పారు. అది దుకాణానికి పనికొచ్చే సంగతి అని మాత్రం అప్పుడు ఎవరూ చెప్పలేదు.

కుర్చీలోకి నన్ను ఎవరూ పొమ్మనలేదు. నేనే గాలి కోసం వచ్చాను. గాలి బాగానే ఉంది. కాకపోతే లోపలికి వచ్చే ప్రతివాళ్లూ నన్ను దాటుతూ "సేటమ్మ లేదా?" అని అడుగుతున్నారు. మడికొండ వైపు కొత్త ఇళ్లవాళ్లు రావడం కూడా మానేశారు, వీడియో కాల్ చేస్తారు. ఆమె చీర భుజాన వేసుకుని ఫోన్ ముందు నిలబడి, "ఈ రంగు మీకు నప్పదు మేడమ్" అంటుంది. వాళ్లు ఇంకో రెండు కొంటారు. 'మీకు చాలా బాగుంటుంది' అనే ఒక్క మాట మీద ఇన్నేళ్లు దుకాణం నడిపిన నేను కుర్చీలో కూర్చుని ఇదంతా వినాలి.

ఎప్పుడో ఒకసారి తప్పు చేయకపోతుందా అని కనిపెట్టుకుని ఉన్నాను. చేసింది. ఒకరి పార్సిల్‌లో ఇంకొకరి చీర పెట్టి పంపింది. ఆ అరగంట నాకు ఎంత హాయిగా గడిచిందో చెప్పలేను. ఎలా ఓదార్చాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అంతలో వాళ్లే ఫోన్ చేశారు. మేం ఎంచుకున్నదానికన్నా ఇదే బాగుంది, ఉంచేసుకుంటాం అని.

పొద్దున నా చొక్కా గుండీలు ఆమే పెడుతుంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, బార్డర్ ఎంత వెడల్పో ఎవరికో చెబుతూ, చూడనైనా చూడకుండా పైనుంచి కిందికి చకచకా పెట్టేస్తుంది. నా మెడ కింద ఆ వేళ్లు కదులుతుంటే చూస్తూ నిలబడతాను. కాలేజీలో నాకన్నా మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ల మీద కూడా నాకు ఇంత కుళ్లు పుట్టలేదు. వాళ్లు కనీసం నా గుండీలు పెట్టలేదు.

ఒకసారి ఇంటి వెనక దండెం దగ్గర కళ్లు మూసుకుని అమ్మ నూలుచీర తాకి చూశాను. పక్కనే ఆరేసిన పట్టుచీరనూ తాకాను. రెండూ దినపత్రికలాగే ఉన్నాయి. కళ్లు తెరిచేసరికి అమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"బట్టలు ఆరినయో లేదో చూస్తాన" అన్నాను.

"ఆరినయి గని, పెండ్లాం మంచిగ జేస్తె మురిసెటోళ్లను జూసిన. నీ లెక్క మూతి ముడుసుకునెటోన్ని ఇప్పుడే జూస్తాన."

"మురుస్తనే ఉన్న అమ్మా."

"గా ముచ్చట నీ ముఖానికి జెప్పు జర."

హన్మకొండలో నన్ను చూసే డాక్టరమ్మ పిన్నుతో వేళ్లు గుచ్చి, మూత్రపరీక్ష చూసి, ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదు, ఇది రిలాప్సే అని తేల్చింది. "స్టెరాయిడ్ ఇస్తే తొందరగ తగ్గొచ్చు. ఇయ్యకపోయినా చాలావరకు తగ్గుతది, టైం పడ్తది. చివరికి రెండు దారులూ ఇంచుమించు ఒక్క దగ్గరికే. చూపో నడకో అయితే నేనే పట్టుబట్టేదాన్ని. ఇది స్పర్శ ఒక్కటే, చేతిల బలం మంచిగనే ఉన్నది. పోయినసారి మీ షుగర్ ఎంత మీదికి పోయిందో చూసినం గదా. ఇస్తే మాత్రం ఇప్పుడే, ఆలస్యమైతే అంత లాభం ఉండదు. మీకు తొందర ఎంతున్నదో మీరే చెప్పాలె."

"శ్రావణం మేడమ్" అన్నాను.

"అంటే?"

"ముహూర్తాలు. చీరల సీజన్."

"ఇప్పుడు దుకాణం ఎవరు చూస్తాన్రు?"

"మా ఆమె."

"నడుస్తలేదా?"

నా పక్కన కూర్చున్న నా భార్యకు గోడ మీది మెదడు బొమ్మ ఉన్నట్టుండి చాలా ఆసక్తికరంగా కనిపించింది.

"నడుస్తాంది" అన్నాను.

"మంచిగనేనా?"

"జర ఎక్కువ మంచిగనే."

డాక్టరమ్మ నవ్వలేదు. రేపు పొద్దుటికల్లా ఏ సంగతో ఫోన్ చేసి చెబితే బెడ్ ఉంచుతానంది.

స్టెరాయిడ్ నాకు కొత్త కాదు. కంటికి వచ్చినప్పుడు మూడు రోజులు సెలైన్‌లో ఎక్కించారు. నోట్లో తాళంచెవి పెట్టుకున్నట్టు ఇనుప రుచి. నిద్ర లేదు. ఆకలి మాత్రం ఇద్దరిది. ఆ ఊపులో గోదాములో చీరలన్నీ రంగుల వరసలో సర్దేశాను. అప్పటినుంచి అక్కడ ఏదీ ఎవరికీ దొరకడం లేదు. ఆవకాయలో ఆవపిండి గురించి అమ్మతో యుద్ధం చేశాను. షుగర్ ఎంత పైకి వెళ్లిందంటే, దించడానికి సెలైన్‌కన్నా ఎక్కువ కాలం మాత్రలు మింగాను. కానీ చూపు తిరిగొచ్చింది. అదీ చెప్పాలి. ముందు మసక, తర్వాత రంగులు. మొదట తెలిసిన రంగు నా భార్య కట్టుకున్న చిలకపచ్చ.

దవాఖాన నుంచి నేరుగా దుకాణానికే వచ్చాం. స్కూటీ ఆమే నడిపింది. మధ్యాహ్నం గిరాకీ లేదు. ఆమె గద్దె ఎక్కి, పొద్దుటి నుంచి విప్పి ఉన్న చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. నేను కుర్చీలో కూర్చున్నాను. చాయ్ పెద్దాయన వచ్చి అలవాటుగా లోపలికి నడిచాడు.

"ముందు ఆయనకియ్యి కాకా" అంది ఆమె, తల ఎత్తకుండా.

అలా ఈమధ్యకాలంలో మొదటిసారి నాకు వేడి చాయ్ వచ్చింది. గ్లాసు కుడిచేత్తోనే అందుకున్నాను. అది ఎంత వేడిగా ఉందో వేళ్లకు తెలియలేదు, నాలుకకు తెలిసింది. ఆమె చూసింది. మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది. చల్లటి చాయే నయమనిపించింది. కనీసం అది ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు.

"రేపు పొద్దున ఫోన్ చేసి బెడ్ ఉంచుమంట" అన్నాను.

"షుగర్?"

"మూడు దినాలే గదా. గోలీలు ఏసుకుంట."

"నిద్ర?"

"నిద్రదేమున్నది."

ఆమె ఇంకో చీర తీసుకుంది. కొసలు కలిపి, అంచు మీద అంచు వేసి, అరచేత్తో ఒక్కసారి దువ్వింది. ఆ అరచెయ్యికి ప్రతి పోగూ తెలుస్తూ ఉండాలి.

"సీజన్‌ల ఒక్కదానివే ఎట్ల జేస్తవ్" అన్నాను. "ముసలమ్మలొస్తరు, పెండ్లిళ్లోళ్లొస్తరు. పొద్దున ఇంట్ల పని, పగలంతా ఈడ. నీకు శ్రమైతాంది."

"నాకేం శ్రమ లేదు."

"నడుం నొప్పి అన్నవ్ మొన్న."

"మొన్న అన్న. ఇయ్యాల లేదు."

"మళ్ల అదును దాటితే స్టెరాయిడ్ సూది పనిచెయ్యదన్నది గదా డాక్టరమ్మ."

"సూది లేకున్నా చెయ్యి మళ్లొస్తదని గూడ అన్నది. అది ఇనలేదా?"

"విన్న. గని ఎంత తొందరగ వస్తె అంత మంచిది గదా. నీకే మంచిది. నువ్వు ఇంటి పట్టున హాయిగ ఉండొచ్చు."

మడత పెడుతున్న చేతులు ఆగాయి. సగం మడిచిన చీరను ఒళ్లో పెట్టుకుని, గద్దె మీద నుంచి గుమ్మం దాకా నన్ను చూసింది.

"చెయ్యి కోసమైతే రేపే పోదాం, నేనే తీస్కపోత. నన్ను ఈ గద్దె మీదనుంచి లేపెటందుకైతే మాత్రం సూదెందుకు, నోటితోనే చెప్పుండ్రి."