కాగితంపూలకి దాహం వెయ్యాలి

భూలక్ష్మి గురించి చెప్పాలంటే ముందు కొబ్బరిమొక్క గురించి చెప్పాలి, తప్పదు. మామిడికుదురు చుట్టుపక్కల మగవాళ్ళకి ఒక జబ్బుంది. నాలుగడుగుల ఖాళీ జాగా కంటపడితే చాలు, చెయ్యి ఊరుకోదు, ఓ కొబ్బరిమొక్క పాతేస్తారు. భూలక్ష్మి మామగారు గంగరాజుకి ఆ జబ్బు బాగా ముదిరింది. పెరట్లో కొబ్బరి, చేనుగట్టున కొబ్బరి, నూతి పక్కన కొబ్బరి. తొంభై ఆరు తుఫానుకి వీధిగేటుకి అటొకటీ ఇటొకటీ ఉన్న చెట్లు రెండూ కూలిపోతే, మర్నాడే మళ్ళీ మొక్కలు తెస్తానని బయల్దేరాడు మహానుభావుడు. అత్తగారు వీరాయమ్మ అడ్డుపడి, ఆ రెండు జాగాలూ కోడళ్ళిద్దరికీ పూలమొక్కలకని ఇప్పించింది.

మరుసటి కార్తీకంలో అందరూ కడియం వెళ్ళారు. పెద్దకోడలు కనకరత్నం నర్సరీలో అడుగుపెట్టగానే నూరువరహాలు మొక్క పట్టుకుంది. ఎర్రటి గుత్తులు, దేవుడికీ పనికొస్తాయి, ఎవరూ వంక పెట్టలేరు. చిన్నకోడలు భూలక్ష్మి తోటంతా తిరిగి తిరిగి రాణీరంగు కాగితంపూల మొక్క దగ్గర ఆగింది. వాసన లేదు, పూజకి పనికిరాదు, పైగా ముళ్ళు. "ఇదేం ఎంపికే తల్లీ" అంది అత్తగారు. కాట్రేనికోనలో భూలక్ష్మి పుట్టింటి దడి మీద ఆ తీగ ఒకటుంది. వేసవి వస్తే దడి కనపడదు, రంగే కనపడుతుంది. అది తన అత్తింటి గేటు మీద కూడా అలా విరగబూయాలని ఆమె కోరిక.

రెండు మొక్కల్నీ ఒకే రోజు, ఒకే రకం కాలవ ఒండ్రులో, ఒకే గంపలోని పేడ ఎరువు వేసి నాటారు. నూరువరహాలుకి అత్తారింటి మర్యాదలన్నీ నచ్చాయి. పొద్దున్న కాసేపు ఎండ, తర్వాత కొబ్బరాకుల నీడ, కాళ్ళకింద ఎప్పుడూ తడి. ఏడాది తిరక్కుండా గుత్తులు గుత్తులుగా పూసి, రోజూ దేవుడి గూట్లోకి వెళ్ళి కూర్చునేది. కాగితంపూల మొక్క కూడా పెరిగింది. పెరగడమంటే అలా ఇలా కాదు, గేటు దాటి గోడెక్కింది. అరచేతులంత ఆకులు, వేలెడేసి ముళ్ళు. మావగారి కండువా వారానికోసారి దానికి తగులుకునేది. పువ్వు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

పూయలేదని భూలక్ష్మి ఇంకో బిందె పోసింది. అయినా పూయలేదని చేపలు కడిగిన నీళ్ళు పోసింది. అదీ చాలదని నూతిగట్టు మీంచి పారే నీళ్ళకి బోదె తవ్వి నేరుగా దాని మొదట్లోకి తిప్పింది. ఆమె ఆలోచన ఇది: పుట్టింట్లో ఎవరూ పట్టించుకోకపోతేనే అంత పూసిందే, ఇక్కడ ఇంత పెట్టి పోస్తుంటే ఇంకెంత పూయాలి? వింటే ఎవరికైనా సబబుగానే ఉంటుంది. అదే కొంప ముంచింది.

మూడేళ్ళు గడిచాయి. వీధిలో పోయేవాళ్ళు "భూలక్ష్మిగారూ, కంప బాగా పెంచేరండి" అనడం మొదలెట్టారు. ఆ కార్తీకంలో కండువా చిరిగిపోయేసరికి గంగరాజు అరుగు మీద నిలబడి తీర్పు చెప్పేశాడు.

"అమ్మాయ్, ఈ వేసవి దాకా చూస్తాను. పూసిందా సరే. లేదంటే తొలకరికి దీన్ని తవ్వించేసి కొబ్బరిమొక్క పెట్టేస్తాను."

భూలక్ష్మి తన మొగుడు వరప్రసాదం వైపు చూసింది. అతను చెప్పుల్లో మట్టి దులుపుకుంటూ, "నాన్నగారితో నేనేం చెప్తాను" అన్నాడు. బంగారంలాంటి మనిషే గానీ తండ్రి ముందు నోట్లో నాలుక ఉండదు. ఆ ఇంట్లో చీర దగ్గర్నుంచి చింతపండు దాకా ఎవరో ఒకరు ఆలోచించి తెచ్చేవారు. భూలక్ష్మి తన నోటితో తాను కావాలని అడిగి తెచ్చుకున్నది ఆ మొక్క ఒక్కటే. దాన్ని పెరికేస్తే ఇక ముందు ఏదీ అడిగే ధైర్యం తనకుండదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అందుకే ఆ పూట అన్నం సహించలేదు.

మాఘంలో పుట్టింటికి వెళ్ళింది. దడి మీద తీగ అప్పటికే రంగెక్కుతోంది. దగ్గరికి వెళ్ళి, ఎన్నడూ చూడనిది చూసింది. కింద నేల. ఒట్టి ఇసుక. పిడికెడు తీస్తే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది, తడన్న మాటే లేదు.

"దీనికి నీళ్ళెవరు పోస్తారమ్మా?"

"దానికి నీళ్ళేంటే" అంది తల్లి. "వానొస్తే తాగుద్ది, లేకపోతే లేదు."

భూలక్ష్మికి ముందు నవ్వొచ్చింది, తర్వాత తన మీద తనకే ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా మొక్కని మేపుతోంది తను! కడుపు నిండిన మొక్క ఆకులేసుకుని కులాసాగా కూర్చుంటుంది గానీ పువ్వెందుకు పూస్తుంది?

ఇంటికొచ్చిన రోజే పార తీసింది. మొక్క చుట్టూ వేరు తెగకుండా ఒండ్రు తీసేసి, ఇటుకముక్కలూ గోదావరి ఇసుకా నింపింది. పెరిగిపోయిన కొమ్మల్ని సగానికి కోసింది. ఎండకి అడ్డొస్తున్న కొబ్బరి మట్టలు రెండు కొట్టించింది. నూతిగట్టు బోదెని గేటుకి అవతలి పక్కకి, నూరువరహాలు మొదట్లోకి మళ్ళించింది. కనకరత్నం నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"ఏంటే, ఓడిపోయేనని ఒప్పేసుకున్నట్టేనా?"

"లేదక్కా. మీదానికి తడి కావాలి, నాదానికి అక్కర్లేదు. అంతేనండి."

కోనసీమలో గుమ్మంలోని మొక్కని ఎండబెట్టడమంటే వాకిట్లోకొచ్చిన వాళ్ళకి మంచినీళ్ళివ్వకపోవడంతో సమానం. ఆకులు వేలాడాయి, పండాయి, రాలాయి. ఇంటిల్లిపాదీ భూలక్ష్మిని రాక్షసిని చూసినట్టు చూశారు. మిగిలిన కొమ్మల్ని చూసి ఆమెకి మాత్రం భయంగా లేదా? ఉంది. అయినా బింకంగా తిరిగింది. ఒక సాయంత్రం దీపం పెట్టబోతూ చూస్తే, అత్తగారు చెంబు కొంగు చాటున పెట్టుకుని గేటు దగ్గర వంగి ఉంది.

"అత్తయ్యగారూ, ఏం పోస్తన్నారండీ?"

"చేపలు కడిగిన నీళ్ళేనే" అంది వీరాయమ్మ దొంగలా. "నాలిక పిడచగట్టుకుపోయినట్టుంది పాపం, చూళ్ళేకపోయేను."

"వద్దండి. దానికి దాహం వెయ్యాలండి. దాహం వేస్తేనే పూస్తదండి."

"దాహమేస్తే చస్తారు గానీ పూస్తారటే ఎవరైనా?" అని గొణుక్కుంటూనే ఆ చెంబు తీసుకెళ్ళి నూరువరహాలుకి పోసింది. ఆ వేసవి పెద్దకోడలి మొక్కంత సుఖపడిన జీవి ఆ ఊళ్ళో ఇంకోటి లేదు.

చైత్రం వెళ్ళేసరికి గంగరాజుకి ఓపిక అయిపోయింది. ఓ పొద్దున్నే ఒక చేత్తో కొబ్బరిమొక్క, ఇంకో చేత్తో గునపం పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. భూలక్ష్మి ముగ్గు చిప్ప కింద పెట్టి మొక్కకి ముందు నిలబడింది. ఆయన ఎదుట ఆమె అలా నిలబడటం అదే మొదలు.

"తొలకరికన్నారు మావయ్యగారూ. తొలకరి ఇంకా రాలేదండి."

"ఎండిన కంప ఇంకేం పూస్తదమ్మాయ్?"

"పూయకపోతే నేనే తవ్వి ఇస్తానండి. అప్పటిదాకా ఈ జాగా నాదండి."

ఆమె అక్కణ్ణించి కదల్లేదు. గంగరాజు కోడలి మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, గునపం గోడకి ఆనించి, కొబ్బరిమొక్కని పశువులపాక వెనక్కి పట్టుకుపోయాడు.

వైశాఖంలో కాలవలకి నీళ్ళు కట్టేశారు. ఊరంతా ఎండకి సోలిపోయి ఉన్న రోజుల్లో, ముందుగా చూసింది వీరాయమ్మే. ముళ్ళ సందుల్లో చిన్న చిన్న రాణీరంగు చుక్కలు. వారం తిరిగేసరికి కొమ్మ కనపడలేదు, ముల్లు కనపడలేదు. రంగు రేకులు మూడేసి, మధ్యలో బియ్యపుగింజంత తెల్లపువ్వు. గేటు మీంచి గోడ మీదికి, గోడ మీంచి వీధిలోకి ఒలికిపోయింది. రాజోలు బస్సు ఆ మలుపులో నిదానిస్తే కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చేవి. వీరాయమ్మ దాని కింద కుర్చీ వేయించుకుని, తనే పూయించినట్టు వచ్చేపోయేవాళ్ళకి చెప్పేది. భూలక్ష్మి రోజుకి పదిసార్లు గేటు దాకా వెళ్ళొచ్చేది, ఏదో పనున్నట్టు. సంతోషం పట్టలేకపోయింది, పట్టుకోవాలని కూడా అనుకోలేదు.

ఆ తర్వాత తోటికోడళ్ళిద్దరూ రాజీకొచ్చారు. వానాకాలం గేటు కనకరత్నానిది. తడిసిన కొద్దీ నూరువరహాలు ఎర్రగా కళకళలాడేది, కాగితంపూలు ఆకుల్లో పడి నిద్రపోయేవి. ఎండాకాలం భూలక్ష్మిది. ఊళ్ళో ఎవరు కొమ్మ అడగడానికొచ్చినా ఆమె ముందు ఎండ సంగతి అడిగేది. "నీడండి, బురదండి" అంటే అక్క దగ్గరికి పంపేది. "డాబా మీద మాడిపోతందండి" అంటే కత్తి తీసుకుని గేటు దగ్గరికి నడిచేది.

రెండువేల రెండులో ఆ ఇంట్లో ఫోను పెట్టించారు. ఓ రోజు అంబాజీపేట నుంచి కొత్త కొబ్బరి వ్యాపారి ఒకాయన దారి అడుగుతున్నాడు. గంగరాజు రిసీవరు రెండు చేతులా పట్టుకుని, అవతలి ఊరికి వినపడేలా చెబుతున్నాడు.

"సెంటర్లో దిగి ఎవర్నైనా అడగండి. గంగరాజని అడక్కండి, ఊళ్ళో నలుగురున్నారు. గేటు మీద కాగితంపూలుంటాయండి. ఆయ్, అదేనండి. భూలక్ష్మిగారిల్లంటే చిన్నపిల్లలు కూడా చెప్తారు."

వంటింట్లో భూలక్ష్మి చేతిలో గరిట ఆగిపోయింది. మూకుట్లో పోపు మాడు వాసనొచ్చింది. మాడితే మాడనీ అనుకుని, చెవి ఫోను వైపే పెట్టి నిలబడింది.