వదిన తలకూ పడిన వాటా

బడిపిల్లల పాఠం కోసం వేసిన చార్టును తెచ్చి కొత్తింటి హాలులో తగిలించింది నేనే. ఎవరూ అడగలేదు. దాని మీద రెండు పట్టీలు, ఒకటి ఆస్ట్రేలియాది, ఒకటి మన దేశానిది. పొలంలో పండించడం మొదలుకొని వండుకుని, మిగిలింది పారేసేదాకా, మన తిండి వల్ల భూమిని వేడెక్కించే వాయువులు మనిషికి ఎంత లెక్కన గాలిలో కలుస్తున్నాయో చూపిస్తాయవి. వాళ్ళ పట్టీ చార్టు అంచుదాకా పోయింది. మనది పొట్టిది. రాజపాళయంలో సైన్సు టీచరునైన నాకు ఆ పొట్టి పట్టీ అంటే మహా గర్వం. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరినీ దాని ముందు నిలబెట్టి, మనం ఎంత పొదుపుగా తింటామో చూడండని ఊదరగొట్టాను.

మా ఆయన అక్క తళవాయిపురం నుంచి తొలి బస్సుకే వచ్చింది. ఆమె బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో పనిచేస్తుంది. ఈ మధ్య సగం రోజులు మగ్గాలు ఆపేస్తున్నారు. ఇంట్లో రేషన్ బియ్యంతోనే నెట్టుకొస్తున్నారని నాకు తెలుసు.

"ఇది ఏమి మా?" అని తమిళం కలిసిన యాసలో అడిగింది. చెప్పాను. కాసేపు చార్టునే చూసి, "మాంసం వెల ఏరిపోయినాదని మేము తినేదే మానేసినాము. పాలు టీకి మట్టుమే. అదీ ఇందులో చేరినాదా?" అంది.

"చేరినాది వదినా" అని నవ్వేశాను. నవ్వాల్సిన మాటా అది?

ఆ రోజు అనుకున్నంతమంది భోజనాలకు రాలేదు. అన్నం, సాంబారు, పాయసం గంగాళాల్లో అలాగే ఉండిపోయాయి. మావాళ్ళలో ఆడపడుచుకు తొలి పంక్తిలో వడ్డించాలి. పంక్తులన్నీ లేచాక మిగిలింది ఆమె చేతికిస్తే అవమానించినట్టే. మా అత్తగారు నాకు నేర్పింది అదే. వదిన వంటల పందిరి పక్కన కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుంది. తమ్ముడి ఇల్లు కదా, వదిలి వెళ్ళబుద్ధి కావడం లేదేమో అనుకున్నాను. మధ్యలో కాఫీ కూడా తీసుకెళ్ళి ఇచ్చాను, నా మర్యాదకు నేనే మురిసిపోతూ.

సాయంత్రం వంటవాళ్ళు మిగిలినదంతా ఏం చేయమంటారని అడిగితే, పక్క ఖాళీ స్థలంలో గుంట తీసి పోసేయమన్నాను. వాళ్ళు పోస్తుంటే వదిన లేచి వచ్చి చూసింది. ఆమె సంచిలో స్టీలు క్యారియర్ కదిలిన చప్పుడు అప్పుడు విన్నాను. "వస్తాను మా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ క్యారియర్ ఖాళీగానే వెళ్ళిందని నాకప్పుడు తట్టింది. ఆ గుంటలో కుళ్ళేది మీథేన్ అవుతుంది, మన దేశం లెక్కలోకే పోతుంది. తలసరి అంటే మొత్తాన్ని అందరి తలలకూ సమానంగా పంచడం. నేను పారబోయించిన దాంట్లో వదిన తలకూ ఒక వాటా పడుతుంది. ఆమె మానుకున్న మాంసం, తగ్గించుకున్న పాలు మాత్రం పొద్దున్నుంచీ నా గొప్పకు పనికొచ్చాయి. ఎంత సిగ్గేసిందంటే, ఆ వంటవాళ్ళ వైపు కూడా తలెత్తి చూడలేకపోయాను.

చెప్పులు వేసుకోకుండానే బస్ స్టాపుకు పరుగెత్తాను. వదిన నిలబడి ఉంది.

"ఒక్క మాట చెప్పి ఉంటే ఇచ్చి ఉందును కదా వదినా. మిగిలింది ఇస్తే మీరు తప్పుగా ఎంచుకుంటారని..."

ఆమె కోపపడలేదు. కోపపడినా బాగుండేది.

"నువ్వే పిలిచి ఇస్తావని ఇంతసేపూ కూర్చోని ఉంటిని మా" అంది. "నేనే నోరు తెరిచి అడిగినానంటే, ఇంకమీద మీ ఇంటికి ఆడపడుచుగా ఎట్లా వచ్చేది?"